ఒకటిన్నర మిల్లీమీటరు

హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా మావయ్యకి ఒక పాత మోటార్‌సైకిల్ ఉండేది. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. వారం వారం ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని నదికి కట్టిన కొత్త వంతెన మీదుగా అవతలి ఒడ్డున వాట్‌గంజ్‌లో వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. వంతెన ఎక్కేచోట బండి మొరాయించేది. అత్తయ్య దిగి, ఆ మోకాళ్ళతోనే బండి వెనకాల నడిచేది. నడిచినంతసేపూ మావయ్యని తిట్టేది. ఆ తిట్లలో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

అప్పట్లో నేను హౌరాలో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మీద ఇనుము చెక్కే టర్నర్‌ని. "ఇంజన్లో కంప్రెషన్ పెంచితే బలం వస్తాది, నాకొగ్గెయ్ మావా" అని గొప్పలు పోయాను. పెట్రోలు కలిసిన గాలిని పిస్టన్ ఎంత గట్టిగా నొక్కితే బండికి అంత జోరు. అందుకని తల కాస్త ఉబ్బెత్తుగా ఉండే పిస్టన్ కొన్నాను. పైనుంచి సిలిండర్‌ని మూసే హెడ్డుని లేతుకి బిగించి, దాని అడుగు ఒక మిల్లీమీటరు చెక్కేశాను. ఆ మోడల్ హెడ్డు బజార్లో ఎక్కడా దొరకదు. చెక్కేసిన లోహాన్ని తిరిగి అతికించడం ఎవరి వల్లా కాదు.

ఇక హెడ్డులోంచి కిందికి దిగి గాలినీ పొగనీ వదిలే వాల్వులు పిస్టన్‌కి తగలకుండా చోటుందో లేదో చూడాలి. మా షాపులో ఆ పనికి విగ్రహాలు చేసేవాళ్ళ బంకమట్టి వాడేవాళ్ళం. పిస్టన్ మీద మట్టిముద్ద పెట్టి, హెడ్డు బిగించి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పాను. విప్పి మట్టిని బ్లేడుతో కోశాను. వాల్వు నొక్కినచోట మట్టి మందం ఒకటిన్నర మిల్లీమీటరైనా మిగలాలి. అప్పడం కన్నా పల్చగా ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మావయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏటయినాదిరా అల్లుడూ?"

"ఏటీ నేదు మావా" అన్నాను. మళ్ళీ కొలిచాను. మట్టి మీదా, బ్లేడు మీదా, కంటికి కనిపించిన ప్రతి వస్తువు మీదా కోపం వచ్చింది.

అరగంట తర్వాత మా పెద్ద మిస్త్రీ, బెంగాలీ ఆయన, వచ్చాడు. నా మొహం చూడలేదు, ఇంజన్ చూశాడు. "గ్యాస్కెట్ కోథాయ్?" అన్నాడు.

గ్యాస్కెట్ ఎక్కడుంది? గోడకున్న విశ్వకర్మ పటం ముందు, సిందూరం బొట్టు పెట్టించుకుని దర్జాగా ఉంది. మా షాపులో ఏ కొత్త సామాను వచ్చినా ముందు దేవుడి దగ్గర పెట్టాకే వాడతారు. హెడ్డుకీ సిలిండర్‌కీ మధ్య ఉండాల్సిన ఆ మందపాటి రాగి రేకుని పొద్దున్న నేనే భక్తిగా అక్కడ పెట్టి, అది లేకుండానే బిగించేశాను. రేకు వేసి కొలిస్తే చోటు సరిగ్గా సరిపోయింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మిస్త్రీ నన్ను గాడిద అన్నాడు. ఆ మాట అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ వినిపించలేదు.

ఆ వారం అత్తయ్య వంతెన మీద ఎక్కడా దిగలేదు. తిరిగొచ్చాక మావయ్యని పక్కకి పిలిచి నిజం చెప్పేశాను, ఆ అరగంటా నీ బండిని తగలేశాననే అనుకున్నానని.

"నాకెరికేరా" అన్నాడు. "నీ మొకం సూసి బండి పోయిందనే అనుకున్నాను. మీ అత్తకి నీ పేరు సెప్పకుండా, నానే అమ్మేసినానని సెప్దామని టీ తాగతా కూకున్నాను."