ఒడ్డుందా అని మూడు కేకలు

నాలుగేళ్లపాటు నాకు ఒకటే కోరిక. మా చిన్నాయన నా ఎదుట నిలబడి, తన నోటితోనే నిజం కక్కాలి.

తారానగర్ డ్యాం నీళ్లు కొండల మధ్యకు చొచ్చుకుపోయిన చోట ఒక మడుగుంది. మూడు వైపులా గుట్టలు, గాలి లోపలికి రాదు. ఆషాఢం గాలి లేస్తే చేపలకు పోయిన పుట్లన్నీ, ఆ గుండ్రటి బుట్ట పడవలన్నీ, అక్కడికే పరుగు. అయితే మడుగు మొదట్లోనే రెండు బండలున్నాయి. నీళ్లెక్కువగా ఉంటే కనిపించవు. అందుకే వచ్చేవాడు బయట నుంచే "ఒడ్డుందా?" అని అరవాలి. ఒడ్డున ఉన్నవాడు బండల సందుకు సూటిగా నిలబడి "ఉండాది, రా!" అనాలి. ఆ గొంతు దిక్కుకే తెడ్డు వేస్తే బండ తగలదు. వచ్చేవాడు పగవాడైనా పలకాల్సిందే. పలకనివాణ్ణి మావాళ్లు మనిషిగా లెక్కపెట్టరు.

తర్వాత ఆ మడుగును పార్కు చేశారు. కంచె వేశారు, బెంచీలు వేశారు, షికారు పడవలు తెచ్చి కట్టారు. కాంట్రాక్టరు మా చిన్నాయనను కావలి పెట్టాడు. ఖాకీ చొక్కా తొడిగాక ఆయన కళ్లు నెత్తికెక్కాయి.

ఆ ఏడు గాలిలో మా నాయన పుట్టి మడుగు ముందుకొచ్చింది. మూడుసార్లు అరిచాడు. బెంచీల మీద బళ్లారి నుంచి వచ్చిన సార్లు కూర్చుని ఉన్నారు. చేపల కంపు పుట్టిని లోపలికి రానిస్తే పని పోతుందని చిన్నాయన పలకలేదు. పక్కనే మండక్కి మరమరాలు అమ్ముకునే ముసలామె కళ్లారా చూసి నాకు చెప్పింది. పుట్టి బండకు కొట్టుకుని చీలింది. నాయన ఎట్లో ఈదుకుంటూ బయటపడ్డాడు గానీ కుడి మణికట్టు విరిగింది. మళ్లీ తెడ్డు పట్టలేదు.

చిన్నాయన ఆస్పత్రికొచ్చి, "గాలికి ఇనపల్యాన్నా, దేవుని మీద ఒట్టు" అని ఏడ్చాడు. నాయన నమ్మేశాడు!

"వాడు నా తమ్ముడు మ్మే. ఇనపడింటే పలకకుండా ఉంటాడా?" అన్నాడు, ముసలామె మాట నేను చెప్పినా. నాకు ఒళ్లు మండిపోయింది. నమ్మడానికైనా హద్దుండాలి గదా!

నిరుడు కాంట్రాక్టరు మారాడు. చిన్నాయన పని పోయింది, మళ్లీ పుట్టి ఎక్కాడు. ఆ కావలి పని కోసం నేను చెప్పులరిగేలా తిరిగాను. ఆడదానికి ఇదేం పని అని నవ్వారు. నవ్వనీ. నేను చేరింది జీతం కోసం కాదు, ఆషాఢం కోసం.

ఆషాఢం రానే వచ్చింది. ఒక మధ్యాహ్నం గుట్టల మీద ఎర్రదుమ్ము లేచింది. బయట నుంచి కేక వినిపించింది. "ఒడ్డుందా?"

గొంతు గుర్తుపట్టాను. నాకు భయం వేయలేదు, సంతోషమేసింది. సందుకు సూటిగా పోయి నిలబడ్డాను. నోరు మాత్రం తెరవలేదు.

"ఒడ్డుందా? ఎవురన్నా ఉండారా?"

చస్తే చావనీ అనుకున్నాను. అవును, అనుకున్నాను, దాచడమెందుకు? మూడో కేకలో ఏడుపు కలిసింది.

అప్పుడే నాయన నాకు బువ్వ తెచ్చాడు. క్యారియర్ అక్కడే పారేసి, "ఉండాది, రాప్పా! నా గొంతుకే రా!" అని అరిచాడు. పుట్టి గిర్రున తిరుగుతూ సందులోంచి లోపలికొచ్చి పడింది. నాయన ఎడమ చేత్తో తాడందుకున్నాడు.

చిన్నాయన పుట్టి దిగి, నేరుగా నా మీదికే వచ్చాడు.

"ఏం మ్మే, ఈడనే నిలబడుకోని ఉండావు! మూడుసార్లు అరిస్తి గదా, ఇనపల్యా?"

"గాలి గదా చిన్నాయనా. ఇనపల్యా."

"అబద్ధాలు చెప్పొద్దు! ఎంత గాలున్నా ఈడికి బాగా ఇనపడ్తాది. మూడేండ్లు కావలి కాసినోణ్ణి, నాకు తెలీదా?"

ఏమన్నాడో అన్నాక గానీ ఆయనకు తెలియలేదు. నాయన వైపు చూశాను.

నాయన తమ్ముణ్ణి తిట్టలేదు. తాడు నా చేతిలో పెట్టి, మట్టిలో పడిన బువ్వ ముందు కూలబడ్డాడు.

"వానికి ఇనపడిందంట మ్మే" అన్నాడు, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు.

నాకు కావలసింది దొరికింది. నాయనకున్న ఒక్క తమ్ముడు ఆ మధ్యాహ్నంతో లేకుండా పోయాడు. మాటల్లేవు, రాకపోకల్లేవు. సాయంత్రాలు నాయన ఒక్కడే అరుగు మీద కూర్చుంటాడు. అయినా సరే, మళ్లీ చిన్నాయన కేక వినపడితే నేను పలకను.