మడ్‌గార్డు కింద రెండు వేళ్ల సందు

ఈ కింద రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. ఉందని తేలితే, వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఎన్ని గుంతలున్నాయో అన్నింటిలోనూ నా జీపు వరసగా దిగబడాలి. ఇంతకన్నా పెద్ద ఒట్టు నాకు తెలియదు. మా ఇంట్లో నేను "ఒట్టు" అనగానే అందరికీ ఎక్కడలేని పనులు గుర్తొచ్చి లేచిపోతారు. అందుకే చెప్పడం మానేసి రాస్తున్నాను.

ముందు జీపు అమ్మినవాళ్ల సంగతి చెప్పాలి. కొండలెక్కే బండి అన్నారు. టీవీలో అది వాగులు దూకింది, బండరాళ్ల మీద మేకపిల్లలా ఎక్కింది. ఇంటికి తెచ్చుకున్నాక వంగి చూస్తే కింద సన్నటి టైర్లు. పహిల్వాన్‌ని గోదాలోకి దింపి కాళ్లకు పెళ్లికొడుకు చెప్పులు తొడిగినట్టుంది. అడిగితే, "సార్, కంపెనీ సైజు అదే, మారిస్తే వారంటీ పోతుంది" అన్నాడు షోరూం కుర్రాడు. వాగు దూకితే పోని వారంటీ టైరు మారిస్తే పోతుందట!

అయినా ఊరుకునేవాణ్నే. టైర్లు మార్చింది మా అక్క కోసం.

అక్క వాళ్ల ఊరు బంట్వారం దాటాక, తారురోడ్డు నుంచి లోపలికి ఉంటుంది. మధ్యలో ఉన్నది నల్లరేగడి బాట. ఎండాకాలం సిమెంటు రోడ్డుకన్నా గట్టిగా ఉండే ఆ బాట, నాలుగు చినుకులు పడితే మనిషిని చెప్పులతో సహా పట్టుకుంటుంది. ఆ ఏడాది అక్క నోట్లో ముందుపండ్లు పోయాయి. తాండూరులో పండ్ల డాక్టరు కొలత తీసుకుని, సెట్టు తయారయ్యాక వచ్చి పెట్టించుకోమన్నాడు. సెట్టు తయారైంది. అప్పటికే మొదలైన వాన మాత్రం ఆగలేదు. ఇంకోవైపు బతుకమ్మ పండుగ దగ్గరపడుతోంది.

ఆ ఊరికి కోడలిగా వెళ్లినప్పటి నుంచీ బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకునేది అక్కే. ఆమె ఒక చరణం అంటే మిగతా ఆడవాళ్లంతా అందుకుంటారు. ఇప్పుడు పండ్లు లేకపోయేసరికి మాటలో గాలి పోతోంది. ఇదే అదనని ఆమె తోడికోడలు పక్కింట్లో అంట్లు తోముకుంటూ, అక్కకు వినబడేటట్టు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది.

"సద్దుల బతుకమ్మ నాటికి నా నోట్ల పండ్లుండాలె తమ్మీ," అంది అక్క ఫోన్లో. "లేకుంటే పాట అది ఎత్తుకుంటది. ఒక్కసారి దాని నోటికి పోయిన పాట మల్ల నా నోటికి వస్తదా?"

"ఫికర్ జెయ్యకు అక్కా. ఎంత బురదున్నా ఇంటి ముంగటికి జీపు తెస్త," అన్నాను.

వెనక నుంచి మా బావ గొంతు వినబడింది: "ఏ జీపు? ఆ బొమ్మ జీపా?"

ఆ ఒక్క మాటతో వికారాబాద్‌లో టైర్ల దుకాణానికి వెళ్లాను. ఉన్న రిమ్ములు ఉన్నట్టే ఉండాలి, టైర్లు మాత్రం పెద్దవి కావాలి అన్నాను. దుకాణమాయన టైరు వైపు చూశాడు, రిమ్ము వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు.

"అన్నా, గీ రిమ్ముకు గంత టైరెందుకే?"

"పడుతదా, పడదా?"

"పడుతది. పడుడు వేరు, తిరుగుడు వేరు. రిమ్ములు గూడ వెడల్పువి తీస్కో, బండిని జర పైకి లేపిపిచ్చు. లేకుంటే టైరు మడ్‌గార్డుకు ఆనుతది."

"నీ రిమ్ములు అమ్ముడువోవాలె గని నా బండి ఎటువోతే నీకేంది?" అన్నాను. పాపం, ఆ మాటకు ఆయన నొచ్చుకున్నాడు. ఒక టైరు బిగించి, దానికీ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు పెట్టి చూపించాడు.

"ఇగో, రెండు వేళ్లు పడుతున్నయ్. గంతే సందు."

"చాలు. మనుషులు బండిల కూసుంటరు, సందుల గాదు."

ఆయన మిగతా మూడూ బిగించాడు. వద్దంటూనే బిగించాడు! వద్దన్నవాడు బిగించకూడదు, బిగించేవాడు వద్దనకూడదు. రెండూ చేసి తర్వాత "నేను ముందే చెప్పిన" అని చాయ్ బండి దగ్గర అందరితో చెప్పుకోవడం ఏం మర్యాద?

కొత్త టైర్ల మీద జీపు అందంగానే ఉంది. కాకపోతే స్టీరింగు కుడివైపు పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకుని బర్రె అరిచినట్టు చప్పుడు. ఎడమవైపు ఏ ఇబ్బందీ లేదు. అందుకని కొన్నాళ్లు ఎడమ మలుపులతోనే కాలక్షేపం చేశాను. ఇంటి నుంచి కుడిచేతి వైపున్న కిరాణా దుకాణానికి ఊరంతా చుట్టి వెళ్లేవాణ్ని. చక్కెర తెమ్మంటే ఎటుపోయినవని ఇంట్లో తగువు. ఇంకో విచిత్రం, టైరు పెద్దదైతే చక్రం తక్కువసార్లు తిరుగుతుంది కదా, పాపం మీటరుకు ఆ సంగతి తెలియక నడిచిన దూరాన్ని తగ్గించి చూపెట్టడం మొదలుపెట్టింది. నా సొత్తు ఏదైనా ఉన్నదానికన్నా తక్కువ చెప్పడం అదే మొదలు. ఊళ్లో ఒక్కరూ దాన్ని మెచ్చుకోలేదు.

ఒకరోజు పొద్దున వాన తెరిపిచ్చింది. అదే మోసం. రేగడి బాగా తడిసినప్పుడు జారుతుంది, ఎండితే రాయవుతుంది. ఆ రెండింటికీ మధ్య, కొంచెం ఆరీ ఆరనట్టుగా ఉన్నప్పుడు జిగురు పట్టిన పిండిలా ఉంటుంది. నేను వెళ్లింది సరిగ్గా అప్పుడు.

తారురోడ్డు దిగి బాటలోకి మళ్లాను. మొదట ఎంత దర్జాగా పోయిందో! పెద్ద టైర్లు మట్టిని గట్టిగా పట్టుకున్నాయి. బావ ఎదురొచ్చి చూడాలని ఊరికే హారన్ కూడా కొట్టాను. కాసేపటికి మట్టి కూడా టైర్లను గట్టిగా పట్టుకుంది. టైరు చుట్టూ పొర మీద పొర. ఆ రెండు వేళ్ల సందులోకి మట్టి, గడ్డి, కందికట్టె, గులకరాళ్లు కూరుకుపోయాయి. ఇంజను అరుస్తోంది, చక్రం తిరగడంలేదు. నాలుగు చక్రాలకూ ఎవరో మేకులు కొట్టినట్టు బిగుసుకుపోయి, జీపు కాస్త పక్కకు జారి, పడుకునే ముందు దున్నపోతు నిట్టూర్చినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది.

అప్పుడొచ్చాడు మా బావ, పంచె ఎగగట్టి, సైకిలు నడిపించుకుంటూ.

"ఏం బామ్మర్దీ, బొమ్మ నిలబెట్టినవా?"

"నిలబడ్డది గాదు. జర అలసిపోయింది."

"ఊకో. గీ ఊర్ల కొత్త సైకిల్ కొంటె మొట్టమొదలు ఏం జేస్తమో ఎరికేనా?"

నేను ఆ సైకిలు వైపు చూశాను. దానికి మడ్‌గార్డులు లేవు.

నాకు ఎరుకే! అదీ నా మంట. మర్పల్లి దగ్గర మా ఊళ్లో మా నాయిన సైకిలుకూ ఉండేవి కాదు. చక్రానికీ రేకుకూ మధ్య మట్టి ఇరుక్కుంటే సైకిలును భుజాన మోయాల్సి వస్తుందని కొన్న రోజే ఊడబీకేవాళ్లు. వీపు మీద నిలువునా బురదచార పడ్డ చొక్కాతోనే బడికి పోయినవాణ్ని నేను. సందు ఎంత ఎక్కువుంటే రేగడిలో అంత నడక అని పుట్టుకతో తెలిసినవాణ్ని, ఎక్కడో ఎడారి ఇసుకలో తీసిన వీడియోలు చూసి ఉన్న సందును పైసలిచ్చి మూయించుకున్నాను. ఇందులో తప్పు నాదెట్లా అవుతుంది? ఆ వీడియోల్లో ఒక్కడైనా బంట్వారం మట్టి చూశాడా?

సరే, తెలిసొచ్చాక ఆలస్యమెందుకని స్పానర్లు తీశాను. ముందువైపు మడ్‌గార్డులు రెండూ ఊడదీశాం. వెనకవి ఊడిరావు కాబట్టి బావ గడ్డపారతో వాటి కింద మట్టి గోకాడు. ఊళ్లోకెళ్లి అక్కను ఎక్కించుకున్నాం. ముందు చక్రాల నుంచి మట్టి ముద్దలు ఆకాశానికి లేస్తుంటే అక్క జీపు లోపల గొడుగు పట్టుకుని కూర్చుంది. ఒక ముద్ద ఎంత పైకి పోయిందంటే, మేం తారురోడ్డు ఎక్కి బంట్వారం దాటాక గాని అది కిందపడలేదు. తాండూరు పొలిమేరలో నాపరాళ్ల పాలిష్ చేసేవాళ్లు పని ఆపి మరీ మా బండిని చూశారు.

పండ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే అమ్మాయి మా కాళ్లు చూసి తలుపు దగ్గరే ఆపింది. "గట్లనే వస్తున్నరేంది? బయట నల్లా ఉన్నది, కడుక్కొని రాండ్రి." అంత దూరం ఎట్లా వచ్చారని ఒక్క మాట అడగలేదు.

సెట్టు పెట్టాక అక్క అద్దంలో చూసుకుంది. నోరు మూస్తే మూతపడటం లేదు.

"డాక్టర్ సాబ్, గిదేంది? మా తమ్ముని టైర్ల లెక్క నాకు గూడ ఒక సైజు పెద్దది బిగించినవా?"

"ఎక్కడ రాసుకుంటుందో చెప్పమ్మా," అని ఆయన సెట్టు బయటికి తీసి, అక్కడ కొంచెం అరగదీశాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ అరగదీశాడు. చివరికి సరిపోయింది. రాసుకున్నచోట గీకితే ఆయన్ని స్పెషలిస్టు అన్నారు. నేను టైరు రాసుకున్నచోట లోపలి ప్లాస్టిక్కు కోస్తుంటే మా వీధిలో అందరూ నాకేదో అయ్యిందన్నారు. న్యాయమేనా?

పండుగ ఆఖరి రోజు, సద్దుల నాడు, నేను అక్క ఊళ్లోనే ఉన్నాను. అక్క పాట ఎత్తుకుంది. మొదటి చరణంలో సెట్టు ఒక్కసారి టక్కుమంది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క చప్పట్లు ఆపకుండా, నాలుకతో దాన్ని సర్దుకుని, రెండో చరణం ఇంకో మెట్టు పైకెత్తింది. పక్కనున్న తోడికోడలు అందరితోపాటు అందుకోక తప్పలేదు.

మొదట్లోనే ఒట్టు పెట్టాను కాబట్టి ఒక సంగతి సరిచేయాలి. జీపు ఆ రోజు అక్కడి నుంచి అంగుళం కదల్లేదు. మడ్‌గార్డులు ఊడదీయడానికి నా దగ్గర స్పానరే లేదు. అక్క చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, చెప్పులు చేతబట్టుకుని, ఒకవైపు నేను, ఇంకోవైపు బావ పట్టుకుంటే ఆ రేగడిలో నడిచే తారురోడ్డు దాకా వచ్చింది. బావ అక్కడి నుంచి వెనక్కి మళ్లాడు. మేం ఆటోలో బంట్వారం, బస్సులో తాండూరు. దిగబడ్డ జీపు పక్క నుంచి పోతున్నప్పుడు అక్క లోపల్లోపల పాట వల్లె వేసుకుంటూ నడిచింది. తిట్టినా బాగుండేది.

అయితే ఆ జీపు ప్రయాణం నేను పుట్టించింది కాదు. సద్దుల నాడు పాట అయిపోయాక తోడికోడలు నవ్వుతూ అడిగింది: "అక్కా, గంత బురదల తాండూరుకు ఎట్ల వోయినవ్? మీ తమ్ముని బండి బాటల్నే ఉండె గదా?"

అక్క కొత్త పండ్లన్నీ కనబడేటట్టు నవ్వింది. "జీపులనే పోయినం. మావోడు మడ్‌గార్డులు ఊడబీకి, ఇంటి ముంగటికొచ్చి తోల్కపోయిండు. తెచ్చి మల్ల ఆడనే పెట్టిండు, ఊళ్ల తిప్పుకునే జాగ లేదని."

నేనూ బావా ఒకరినొకరు చూసుకున్నాం. బావ పంచె సర్దుకుని, "అవు, నేను గడ్డపార పట్టిన," అన్నాడు.

కాబట్టి అబద్ధం అక్కది, గడ్డపార బావది. ఆకాశంలోకి పోయి బంట్వారం దాటాక పడ్డ మట్టిముద్ద ఒక్కటే నాది.