బాబూరావు పేరిట వచ్చిన ఫోను

కవిత ఇల్లందు నుంచి తండాకు వచ్చేసరికి ఇంటి లోపలి గది తలుపు గడియ వేసి ఉంది. తల్లి బాలి గుమ్మం ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. లోపల తండ్రి లచ్చిరాం గొంతు. "అవ్ సార్, అవ్ సార్" అంటున్నాడు.

కవితకు ఒళ్లు మండింది. ఆమె మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. పోలీసులమనీ, ఆఫీసర్లమనీ దొంగలు ఫోన్లు చేస్తున్నారని తండ్రికి అన్నం పెట్టినప్పుడల్లా చెబుతూనే ఉంది. ఆయన ప్రతిసారీ తలూపాడు. తెలియని నంబరు ఎత్తనని ఒట్టు కూడా వేశాడు.

తలుపు బాదగా బాదగా తెరుచుకుంది. లచ్చిరాం చెమటతో తడిసిపోయి ఉన్నాడు. గూట్లో నిలబెట్టిన ఫోనులో ఖాకీ టోపీ పెట్టుకున్న మనిషి. కవిత ఫోను లాక్కుని ఆపేసింది. తండ్రి జేబులో బ్యాంకు పాసుబుక్కు కనిపించింది. బొగ్గుబాయి నుంచి రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మంతా విచారణ అయ్యేదాకా సర్కారు ఖాతాలో వేయాలట. ఆయన బ్యాంకుకు బయలుదేరబోతున్నాడు.

అసలేం జరిగిందో బాలి చెప్పింది. ఫోను చేసినవాడు మొదట ఏదో పార్సిల్ సంగతి ఎత్తాడు. బాబూరావు పేరు మీద బొంబాయిలో దొరికిందన్నాడు. లచ్చిరాం చెవిన పార్సిల్ పడలేదు, బాబూరావు ఒక్కటే పడింది.

వయసులో ఉన్నప్పుడు ఒక బ్రోకరు ఆయన్ను బాయిలో పనికి పెట్టించాడు. నౌకరీ కార్డు మాత్రం పని మానేసి వెళ్లిపోయిన బాబూరావు అనేవాడిది. ఆనాటి నుంచి తండాలో లచ్చిరాం, బాయిలో బాబూరావు. అట్లా మారుపేరుతో బొగ్గు తవ్వినవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. కొందరు పట్టుబడి నౌకరీ పోగొట్టుకున్నారు. ఎప్పుడు తన వంతు వస్తుందోనని భయపడుతూనే ఆయన నౌకరీ పూర్తి చేశాడు.

అందుకే ఎవరూ అడగకుండానే, "సారూ, కార్డు నాది కాదు, బ్రోకరు ఇప్పించిండు" అని ఒప్పేసుకున్నాడు. ఫోనులోవాడు ఇక పార్సిల్ ఊసెత్తలేదు. దొరికిన కొసను పట్టుకుని లాగాడు. నిన్ను ఫోనులోనే అరెస్టు చేశాం, బ్యాంకుకు తప్ప ఎటూ కదలొద్దన్నాడు.

"నువ్వే చెప్పినవా బాపూ?"

"వాళ్లకు ముందే తెలుసు. ఆ పేరు పెట్టే పిలిచిండు. తండాల నన్ను ఎవరన్న గట్ల పిలుస్తరా? సర్కారోళ్లకు గాక ఇంకెవరికి తెలుస్తది?"

నౌకరీ కోసం ఆ పేరుతోనే తీసుకున్న ఆధార్‌లో, సిమ్ కార్డులో, గ్యాసు బుక్కులో, జిరాక్సు షాపులో అంతటా ఆ పేరే ఉంది, దొంగలకు ఎక్కడైనా దొరుకుతుందని కవిత చెప్పింది. ఆయన వినలేదు. ఫోను కట్ చేశావు, ఇక పింఛనూ పోతుంది, నీ నౌకరీ కూడా పోతుందని ఆమె మీదే గయ్యిమన్నాడు.

కవిత ఓపిక అయిపోయింది. తండ్రి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది. పక్క వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న జంపక్కను, మా బాపు బాయిపేరేందని అడిగింది.

జంపక్క తల కూడా ఎత్తలేదు. "బాబూరావు. ఎవరికి తెల్వదే? మీ బాపు తాగినప్పుడల్ల తండా అంత తిరిగి చెప్పకపాయెనా, నేను బాబూరావును, బాయి అంత నాదేనని."

బాలికి నవ్వు వచ్చింది. భర్త ముఖం చూసి ఆపుకుంది. లచ్చిరాం పాసుబుక్కు తీసి ఆమె చేతిలో పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. కవిత సైబర్ పోలీసులకు ఫోను చేసి ఆ నంబరు చెప్పింది. సొమ్ము కదల్లేదు. ఆమెకు కొంచెం ఊపిరాడింది.

లచ్చిరాం ఆమెను అడిగాడు. "మరి నిజం పోలీసులైతే ఎట్ల తెలుస్తది?"

"నిజమోళ్లు ఫోన్ల అరెస్టు చెయ్యరు బాపూ. పని ఉంటే ఇంటికే వస్తరు."

"ఇంటికొస్తరా?"

అనకూడని మాట అన్నానని కవితకు అప్పుడు తెలిసింది. నీకోసం ఎవరూ రారని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. పొద్దు గూకేవేళ తండా మలుపులో బైకు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడ్డాడు. కూర్చోమని ఆమె చెప్పి చెప్పి, చివరికి చెప్పడం మానేసింది.