టిల్లీకి వచ్చిన ఒక్క మాట

మా బావ సెల్మర్ లోకెన్ ముప్పై ఏళ్ళు కౌంటీ కంకర రోడ్ల మీద, వాటిని చదును చేసే గ్రేడర్ బండి నడిపాడు. ఫెజెంట్ అనే వేటపిట్టల్లో ఏ పుంజు ఏ మొక్కజొన్న చేలోంచి ఏ రెల్లు దుబ్బులోకి దాటుతుందో అతనికి కంఠతా వచ్చు. మిగతా విషయాల్లో పొరబడితే ఒప్పుకునేవాడు గానీ, కుక్కల దగ్గర మాత్రం పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంట్లో పడుకున్న కుక్కకు ముక్కు చచ్చిపోతుందని అతని సిద్ధాంతం. అందుకే అతని కుక్కలన్నీ కొట్టంలో గొలుసుకే పెరిగాయి. అన్నిటి పేరూ డ్యూకే.

మూడో డ్యూక్ చచ్చిపోయిన ఏడాది వసంతంలో మా అక్క ఆర్డిస్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి తేల్చి చెప్పింది.

"గొలుసు ఎంతదాకా వస్తుందో కొలుచుకుంటూ బట్టలారేసుకోవడం ఇంక నా వల్ల కాదు. పైగా ఇప్పుడు మనవరాలు క్రిస్టా కూడా మనతోనే ఉంటోంది. నాలుగేళ్ళ పిల్ల దగ్గర, నా వంటింట్లో బుద్ధిగా మసలే కుక్కయితే తీసుకురా. లేదంటే చేలోకెళ్ళి నువ్వే మొరుక్కో."

"సరే, నాదీ ఒక షరతుంది," అన్నాడు బావ. "వేట సీజను మొదటి రోజు పిట్టని తెచ్చి నా ముందు వదలాలి. వదల్లేదా, తెచ్చినచోటే దింపేసొస్తా."

మా అక్క అప్పుడు ఆలోచించకుండా ఊఁ కొట్టింది.

స్ప్రింగర్ జాతి వేటకుక్క పిల్లల కోసం ముగ్గురం ఒక రైతు ఇంటికి వెళ్ళాం. ఏడు పిల్లలు, ఏడు వారాల వయసు. బావ వెనకనుంచి తపేలా కొట్టాడు. రెండు పిల్లలు మంచం కిందికి దూరాయి, అవి లెక్కలోంచి పోయాయి. ఫెజెంట్ రెక్క విసిరితే మూడు కొట్టుకుని దాన్ని చింపబోయాయి. ఒకటి పట్టించుకోకుండా వెళ్ళి నిద్రపోయింది. మా అక్క పరీక్ష వేరు. ఒక్కోదాన్నీ ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఎదమీద చెయ్యి వేసి ఊరుకుంది.

"ఏంటే, డాక్టరువా?" అన్నాడు బావ.

"గింజుకునేది ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో చూస్తున్నా. పెళ్ళికి ముందు నీకీ పరీక్ష పెట్టకపోవడం నా బుద్ధి తక్కువ."

ఒక తెలుపూ గోధుమరంగు మచ్చల పిల్ల మాత్రం తపేలా మోగితే ఏమిటా అని చూడటానికి వెళ్ళింది. మిగతావి అలిసిపోయేదాకా ఆగి రెక్కని ఎత్తుకుంది. అక్క ఒళ్ళో క్షణం గింజుకుని, నిట్టూర్చి పడుకుంది.

"ఆడదా!" అన్నాడు బావ మొహం ముడుచుకుని.

"మీ ఇంట్లో చెల్లేది ఎలాగూ ఆడవాళ్ళ మాటే కదా బావా," అన్నాను.

అలా టిల్లీ వచ్చింది. బావ రోజూ పని దిగాక పది నిమిషాలే నేర్పేవాడు, అంతకుమించి అయితే పిల్లకు విసుగు. ఈలకు రావడం వారంలో వచ్చేసింది. అది తిండి తింటుంటే దూరాన బొమ్మ తుపాకీ పేల్చి, రోజుకు నాలుగడుగులు దగ్గరికి జరిగి, చప్పుడు భయం లేకుండా చేశాడు. గడ్డిలో కాన్వాసు గుడ్డ చుట్ట విసిరితే చెప్పేదాకా కూర్చుని, చెప్పాక వెళ్ళి తెచ్చేది. అన్నీ బాగానే ఉన్నాయి, తెచ్చింది మాత్రం ఇవ్వదు. "వదులు" అంటే అతని మొహంలోకి ప్రేమగా చూస్తూ ఇంకా గట్టిగా కరిచి పట్టుకునేది. అతను లాగేవాడు. అది ఇంకా సంబరంగా లాగేది.

"లాగకు బావా, ఆటనుకుంటుంది."

"ఒరే ఆర్విన్, గ్రేడరు తోలడం కూడా నేర్పుతావేంట్రా నాకు?"

ఇంట్లో మాత్రం టిల్లీ అంత మంచిది మరొకటి లేదు. క్రిస్టా దాని చెవులకు రిబ్బన్లు కట్టినా కదిలేది కాదు. అక్టోబరు వచ్చేసరికి అక్కకు తిండి సయించడం మానేసింది. ఒకరోజు వెళ్ళేసరికి టిల్లీ పడుకునే దుప్పటి మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ బావ మాటంటే మాటేరా. అది వదలకపోతే నిజంగా పంపేస్తాడు," అంది. కళ్ళు తుడుచుకోలేదు కూడా. నాకు బావ మీద ఒళ్ళు మండింది.

సీజను మొదటి శనివారం. ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు కొడితే గానీ తుపాకీ పేల్చకూడదు, కాబట్టి అందరం చర్చిలో పంది మాంసం పెట్టిన హామ్ బన్నులు కడుపునిండా తిని చేలో దిగాం. బావ స్నేహితులు ఆరుగురు. పావుగంటలో టిల్లీ ఒక పుంజును లేపింది, బావ కొట్టాడు, అది పరుగున తెచ్చి అతని ముందు కూర్చుంది.

"వదులు."

వదల్లేదు.

"వదులూ!"

"అది ఇంకా భోంచెయ్యలేదేమో సెల్మర్!" అన్నాడొకడు. బావ చెవులు ఎర్రబడ్డాయి. అక్క కుక్క పోయినట్టే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అక్క, క్రిస్టా కాఫీ ఫ్లాస్కుతో చేను చివర పికప్ దిగారు. టిల్లీ తెల్లటి ఎదమీద నెత్తురు చూసి అక్క రెండు చేతులూ చాచి, "ఉఫ్ డా!" అని కేకేసింది. పాలు పొంగినా, నడుం పట్టేసినా, మనవరాలు పుట్టినా నార్వే నుంచి వలసొచ్చిన మా వాళ్ళ నోట వచ్చేది ఆ ఒక్క మాటే.

టిల్లీ చకచకా ఆమె దగ్గరికి నడిచి, ఎదురుగా కూర్చుని, పుంజును ఆ చేతుల్లో పెట్టింది. అందరం నోళ్ళు తెరిచాం.

"అంతే కదా!" అంది క్రిస్టా, మా తెలివితక్కువతనానికి విసుక్కుంటూ. "టిల్లీ చెప్పు తెస్తే అమ్మమ్మ ఉఫ్ డా అంటుంది. తాత మేజోళ్ళు తెస్తే ఉఫ్ డా అంటుంది. ఉఫ్ డా అంటే ఇచ్చెయ్యాలి. ఇస్తే లెఫ్సే రొట్టె ముక్క పెడుతుంది."

అంటే ఆరు నెలలుగా మా అక్క తనకే తెలియకుండా వంటింట్లో బడి నడిపిందన్నమాట. రెండో పుంజు పడ్డాక బావ అటూ ఇటూ చూసి, వంగి, గొణిగినట్టు "ఉఫ్ డా" అన్నాడు. టిల్లీ కదల్లేదు.

"గొంతు చాల్లేదు సెల్మర్! ఆర్డిస్‌లా అను!"

బావ ఊపిరి పీల్చి, ఆ మోటు గొంతును పిల్లనగ్రోవిలా సన్నం చేసి కేకేశాడు. పుంజు అతని చేతిలో పడింది. ఆరుగురూ గడ్డిలో పడి దొర్లారు. బావ కూడా కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అంత నవ్వు అతనిలో ఉందని నాకప్పటిదాకా తెలియదు.

అక్క ఒక్కతే నవ్వలేదు.

"మరి పంపేస్తావా?" అంది.

బావ పుంజును తిప్పి చూశాడు. ఒక్క ఈక నలగలేదు.

"నా కుక్కయితే కదే పంపడానికి," అన్నాడు. "ఇది నీది. వచ్చే శనివారం వేటకి కావాలంటే నేనే నిన్నడగాలి."

"అయితే అడుగు."

కంకర రోడ్ల మీద ముప్పై ఏళ్ళు ఎవరికీ దారివ్వని మనిషి, స్నేహితులందరి ముందూ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆర్డిస్, టిల్లీని తీసుకెళ్ళచ్చా?"

అక్క కాసేపు ఆలోచించినట్టు నటించింది.

"చీకటి పడకముందే ఇంట్లో దింపాలి," అంది.