షడ్డకుడిచ్చిన రెండు టైర్లు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఎల్లారెడ్డిలో మా షడ్డకుడు పోయాడని ఆ పొద్దున ఫోను వచ్చింది మొదలు ఇవాళ్టిదాకా అతన్ని పొగిడేవాళ్లకు కొదవ లేదు, మధ్యలో నేనెందుకు? కానీ మా ఆవిడ, "చెల్లె మొగుడంటె నీకు ఎప్పటికీ కుళ్లేనాయె. సచ్చినంక గూడనా?" అన్నది. దాంతో కలం పట్టాను.

కుళ్లు నిజమే. నాకు కామారెడ్డిలో రెండు లారీలు, అతనికి ఎల్లారెడ్డిలో నాలుగు. ఇద్దరం మిల్లులకు వడ్లు మోసేవాళ్లమే. నేను ఏడో తరగతిలో బడి మానినా, మోటారు వాహనాల చట్టం కొనుక్కుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివినవాణ్ణి. (ఆ నిఘంటువులో చివరి పేజీలు ఎలుకలు కొట్టేశాయి. 'స' తర్వాతి మాటలు నాకు ఈనాటికీ అనుమానమే.) అతనికి సంతకం పెట్టాలంటేనే చెమటలు పట్టేవి. అయినా డ్రైవర్లు అతని షెడ్డు ముందే కూర్చునేవారు.

ఎందుకో నాకు తెలుసు. బండి కదిలే ముందు అతను డ్రైవర్‌ను ఎదురుగా నిలబెట్టి, "ఏదీ, కండ్లు సూపెట్టు" అనేవాడు. ఎర్రగా ఉంటే తాళంచెవి తన జేబులో వేసుకునేవాడు. "వడ్లు రేపు పోతయి. నువ్వు పోతె మళ్ల రావు. పోయి పండు." మా అత్తగారు ఈ మాటను ఊరంతా చెప్పుకునేది. అదే నియమాన్ని నేను సెక్షన్‌తో సహా చెబితే ఆవులించేది.

మా దిక్కు ఫిట్‌నెస్ పరీక్షకు టైర్లు అడిగి తెచ్చుకోవడం మామూలే. పెళ్లిచూపులకు పక్కింటి గొలుసు వేసుకున్నట్టు, మంచివి బిగించి చూపించి, సాయంత్రానికి ఇచ్చేస్తాం. ఒకసారి నేనూ అతని దగ్గరికి వెళ్లాను.

"రెండు టైర్లు గావాలె తమ్మీ, రేపటికి."

"తీస్కపో అన్నా. మళ్ల తేకు."

"ఏంది, నేనేమన్న బిచ్చమడిగిన్నా?"

"నీకు గాదు. నీ డ్రైవరుకు ఇస్తున్న."

ఆ మాట నాకు గిట్టలేదు. పరీక్ష అయిన సాయంత్రమే ఆ టైర్లు విప్పించి, కడిగించి మరీ వెనక్కి పంపాను. నున్నగా అరిగిన నా పాతవే మళ్లీ బిగించాను. వారం తిరక్కుండానే ఎల్లారెడ్డి దారిలో, అడవి మలుపు దగ్గర ఒకటి పగిలింది. లారీ ఒరిగిపోయింది. డ్రైవర్ బతికాడు గానీ చేయి రెండు చోట్ల విరిగింది.

నేను ఆస్పత్రికి చేరేసరికి షడ్డకుడు మంచం పక్కన కూర్చుని అతనికి అన్నం తినిపిస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. స్టూలు నా వైపు జరిపి, "కూసో అన్నా" అన్నాడు, అంతే. అందుకు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు. తప్పు నాదే కదా మరి.

చేయి అతుక్కున్నాక ఆ డ్రైవర్ షడ్డకుడి బండెక్కాడు. అలాంటివాడు నాకు మళ్లీ దొరకలేదు.

షడ్డకుడి పదో రోజు భోజనాల్లో ఆ డ్రైవర్ పక్కనే కూర్చుని అడిగాను.

"ఇగ నా బండి మీదికి వస్తవా? టైర్లన్ని కొత్తయి ఏయించిన."

"ఎరికే సేటూ. మీ బండి ఎల్లారెడ్డిల ఆగినప్పుడల్ల, పోయి టైర్లు సూసి రమ్మనెటోడు ఆయన."

పప్పు కలుపుకుంటూనే మళ్లీ అడిగాను. "మరి వస్తవా?"

"ఆయన పోయినా అక్క బండ్లు అమ్మదంట సేటూ. నేను ఈడనే ఉంట."

విస్తరి మడిచి, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. నేను రెండున్నర బస్సుకు కామారెడ్డి వచ్చాను.