ఆంటీ అడిగిన మంగళవారం

నేను సిడ్నీలో మాస్టర్స్ చదివే రోజుల్లో టూంగాబీలో ఒక చిన్న యూనిట్‌లో నలుగురు అమ్మాయిలం కలిసి ఉండేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నాలు దగ్గర్లోని ఒక స్కూలు హాల్లో తెలుగు ఆరాధన జరిగేది. భీమవరం, కాకినాడ, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలన్నీ అక్కడే కనిపించేవి. నేను వెళ్ళేది సగం భక్తితో, సగం ఆరాధన తర్వాత పెట్టే భోజనం కోసం. భక్తికి సగం ఇవ్వడంలో కాస్త ఉదారంగానే ఉన్నాను.

ఆ భోజనాలకు ప్రాణం ఒక ఆంటీ. ఆవిడ బిర్యానీ వండిన ఆదివారం హాల్లో విశ్వాసుల సంఖ్య పెరిగేది. వాళ్ళాయన సిడ్నీలో బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను వచ్చేసరికే ఆయనకు అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చారు. ముందు ఇంగ్లీషు పోయింది. తర్వాత నడిపిన రూట్లు పోయాయి. పెర్త్‌లో ఉన్న కొడుకు పేరు కూడా పోయింది. ఎదురుపడ్డ మనిషిని భోంచేశారా అని అడగడం మాత్రం పోలేదు. ఆయన లెక్కలో రోజూ ఇంట్లో ఎవరిదో పెళ్ళి.

ఒక ఆదివారం మా సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకుని ఒక ప్రకటన చేశాడు. అల్జీమర్స్ బాధితుల సహాయార్థం విందు, కార్యక్రమం పెట్టి విరాళాలు సేకరించి పరిశోధనకి పంపుతామన్నాడు. పేరు ‘జ్ఞాపకాల సాయంకాలం’. ఆయన ఏదో ఐటీ కంపెనీలో మేనేజరు. ఆయన ప్రకటన చేస్తే అందులో స్లైడ్లు కూడా కనిపిస్తున్నట్టే ఉండేది.

కమిటీ మీటింగుకి నన్నూ పిలిచారు, యాంకరింగు చేయడానికి. “స్టూడెంట్సుకైతే టైం ఉంటుంది” అన్నారు. పగలు యూనివర్సిటీ, సాయంత్రం సూపర్‌మార్కెట్ చెకౌట్, మధ్యలో రైలు. నిజంగానే ఇంత ఖాళీగా ఉన్నవాళ్ళు ఇంకెవరు దొరుకుతారు?

మీటింగులో మొదటి గంట బ్యానర్ మీద ‘అల్జీమర్స్’ అని రాయాలా, ‘ఆల్జైమర్స్’ అని రాయాలా అన్నదానికి పోయింది. కారు తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయిన ఒకాయన “నాకూ అల్జీమర్సే” అని జోకు వేశాడు. అందరూ నవ్వారు. కాసేపటికి ఇంకొకాయన ఏదో తేదీ మర్చిపోయి అదే జోకు వేశాడు. మళ్ళీ నవ్వారు. టీ కప్పులు అందిస్తున్న ఆంటీ ఒక్కరే నవ్వలేదు. ఆవిడ అక్కడ ఉన్నది వంటల గురించి మాట్లాడటానికి.

“మీ బిర్యానీ అంటే చాలక్కా, టికెట్లు వాటంతటవే సేల్ అయిపోతాయి” అన్నాడు అధ్యక్షుడు.

ఉండబట్టలేక నేను అడిగాను. “ఆంటీ పొద్దున్నుంచీ వంట చేస్తుంటే అంకుల్ని ఎవరు చూసుకుంటారండీ?”

“అదేంటమ్మా, ప్రోగ్రామంతా ఆయన కోసమేగా!” అన్నాడాయన, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

ఆ రోజు రానే వచ్చింది. ఆంటీ తెల్లవారకముందే స్కూలు క్యాంటీన్ వంటింట్లో దిగిపోయింది. అంకుల్‌కి కోటు తొడిగి, తలుపు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను ఆయన మీద పెట్టి వండింది. హాల్లో మేము ప్రార్థన, స్వాగతం, పిల్లల డాన్సు, రెండు పాటలు ముగించాం. తర్వాత ప్రేక్షకులకు జ్ఞాపకశక్తి పోటీ పెట్టి బహుమతులిచ్చాం. ఆ ఆలోచన ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. అప్పటికే బిర్యానీ వాసన హాలంతా నిండింది. ముఖ్య అతిథిగా వచ్చిన కౌన్సిలర్‌గారు ఇంగ్లీషులో మాట్లాడి కూర్చున్నారు. ఆ తర్వాత అధ్యక్షుడు లేచి స్లైడ్లు మొదలుపెట్టాడు. మెదడు బొమ్మ వచ్చింది, బాణాలు వచ్చాయి, మళ్ళీ మెదడు వచ్చింది.

అప్పుడు పక్క తలుపు లోంచి అంకుల్ వచ్చారు. నేరుగా ముందు వరుస దగ్గరికి వెళ్ళి, చేతులు జోడించి, హాలంతా వినపడేలా పిలిచారు.

“లేవండి అన్నయ్యగారూ, వడ్డించేశారు. వదినగారూ, మీరూ లేవాలి. చల్లారిపోద్దండీ, రండి రండి.”

ముందు వరుసలో వాళ్ళు అధ్యక్షుడి వైపు చూశారు, వంటింటి వైపు చూశారు. అధ్యక్షుడు నావైపు చూశాడు. అంకుల్ని ఎలాగైనా పక్కకి తీసుకెళ్ళమని ఆ చూపుకి అర్థం. నా చేతిలో మైకు ఉంది. నేనూ పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

“పెద్దాయన పిలుస్తున్నారు కదండీ. అందరూ దయచేసి భోజనాలకి లేవండి” అన్నాను.

హాలు ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టలేదు. తెర మీద మెదడు ఒక్కటే మిగిలింది. అంకుల్ కౌన్సిలర్‌గారి చెయ్యి పట్టుకుని లైను ముందుకి నడిపించారు. “మగపెళ్ళివారు, ముందు వీళ్ళకి పెట్టండి” అన్నారు. తెలుగు ముక్క రాకపోయినా కౌన్సిలర్‌కి విషయం అర్థమైంది. ఆ సాయంత్రం తనకి దక్కిన మర్యాదల్లో అదే బాగుందన్నట్టు తలూపారు. గరిటె పట్టుకున్న ఆంటీ ఆపుకోలేక నవ్వుతోంది. చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ నవ్వుతూ వడ్డించింది. ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదలు.

అంతా అయ్యాక అధ్యక్షుడు వంటింట్లోకి వచ్చాడు. గిన్నెలు కడుగుతున్నది ఆంటీ, నేను, ఇంకో ఇద్దరు.

“అక్కా, నో ఇష్యూస్. కానీ నెక్స్ట్ టైం బావగారిని ఇంట్లోనే ఉంచితే బెటరేమో. ఆయనకీ కంఫర్టబుల్‌గా ఉంటది.”

“ఎవరి దగ్గర ఉంచమంటావు?” అంది ఆంటీ, గిన్నె తోముతూనే.

“దానికోసమే కదక్కా మనం ఫండ్స్ రైజ్ చేస్తున్నది!”

“మంచిదే బాబూ, చెయ్యండి. పరిశోధనకి వెళ్తాయంటున్నారు, వెళ్ళనీ. నాకు మటుకు మంగళవారం కావాలి.”

“మంగళవారమా?”

“మంగళవారం మధ్యాన్నం ఎవరో ఒకరొచ్చి మీ బావగారి దగ్గర కూర్చోండి. నేనలా బయటికెళ్ళొస్తాను. అంతే, ఇంకేమొద్దు.”

అధ్యక్షుడు హాల్లోకి వెళ్ళి అందరినీ అడిగొచ్చాడు. గంట క్రితం ఉదారంగా విరాళాలు ప్రకటించిన పెద్దలందరికీ మంగళవారాల్లోనే ముఖ్యమైన పనులు ఉన్నట్టు గుర్తొచ్చింది. జ్ఞాపకశక్తి విషయంలో మా సంఘానికి ఏ లోటూ లేదు. నాకు మంగళవారం క్లాసులు లేవు. నేనొస్తానన్నాను. ఇందులో నా గొప్పతనమేమీ లేదు, టైంటేబుల్ అలా ఉంది.

మొదటి మంగళవారం ఆంటీ నాకు పాఠం చెప్పింది. “గుర్తుందా అని మాత్రం అడగమాకే. ఏదంటే దానికి అవునను. గేటు ఒకటి చూసుకో.” కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. నేనూ అంకులూ కూర్చుని పెళ్ళి పనులు మొదలుపెట్టాం. వంటవాళ్ళు వచ్చారా అని అడిగితే వచ్చారన్నాను. గుత్తివంకాయ కూర సరిపోతుందా అంటే ఇంకో గిన్నె చేయిస్తానన్నాను. ఆయన తృప్తిగా తలాడించారు. తర్వాతి నెలల్లో మేమిద్దరం కలిసి గోదావరి జిల్లాల్లో సగం మందికి పెళ్ళిళ్ళు చేసి ఉంటాం.

సాయంత్రం ఆంటీ ఉత్త చేతులతో వచ్చింది. బుగ్గ మీద సీటు కుట్టు అచ్చు పడి ఉంది.

“ఎక్కడికెళ్ళారాంటీ?”

“ఎక్కడికీ లేదే. షాపింగ్ సెంటర్ కార్ పార్కులో సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నా.” సిగ్గుపడుతూ చెప్పింది, ఏదో దొంగపని చేసినట్టు.

కొన్నాళ్ళకు ఒక మంగళవారం అధ్యక్షుడు పళ్ళబుట్టతో ఊడిపడ్డాడు. పరామర్శ ఫోటో సంఘం పేజీలో పెట్టాలట. ఫోను నా చేతికిచ్చి అంకుల్ పక్కన కూర్చుని, కోటు సర్దుకున్నాడు. అంకుల్ ఆయన్ని ఎగాదిగా చూశారు.

“ఇప్పుడారా రావడం? షామియానా వాళ్ళతో మాట్లాడమన్నాను కదా!”

“బావగారూ, నేను...” అని ఆయన నావైపు చూశాడు.

“మాట్లాడానని చెప్పేయండి” అన్నాను అధ్యక్షుడితో మెల్లగా.

“మాట్లాడాను... అన్నయ్యా.”

“మరి కుర్చీలు?”

“చెప్పానన్నయ్యా. వస్తున్నాయి.”

“ఏం చెప్పావో! నిన్ను నమ్ముకుంటే పెళ్ళివారు నేలమీద కూర్చోవాలి.”

ఆ తిట్లు సాయంత్రం దాకా సాగాయి. ఫోటో తీసే సందు దొరకలేదు. ఇక ఈయన రాడనుకున్నాను. తర్వాతి వారం ఆఫీసులో హాఫ్ డే పెట్టి మళ్ళీ వచ్చాడు, ఈసారి ఫోను బయటికి తీయలేదు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నేను ఆశ్చర్యంగా చూస్తుంటే తనే అన్నాడు.

“నన్ను ‘రా’ అని పిలిచేవాళ్ళు లేక చాలా ఏళ్ళయిందమ్మా.”

ఆయన గురించి నేను మనసులో దాచుకున్న చమత్కారాలు కొన్ని ఆ రోజు పనికిరాకుండా పోయాయి. అన్నీ కాదు.

నా చదువు అయిపోయేసరికి అంకుల్ మాటలు బాగా తగ్గాయి. మంగళవారాల్లో ఎక్కువసేపు నిద్రపోయేవారు. అధ్యక్షుడు పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకునేవాడు, ఆయన కదిలితే “కుర్చీలొచ్చాయన్నయ్యా” అని చెప్పేవాడు. ఆంటీ అప్పటికి కార్ పార్కు మానేసి స్విమ్మింగ్ పూల్లో ఆడవాళ్ళ క్లాసుకి వెళ్తోంది.

నాకు అడిలైడ్‌లో ఉద్యోగం వచ్చిందని చెబితే ఆంటీ కావలించుకుంది. ఆ తర్వాత కాస్త దూరం జరిగి అడిగింది.

“బానే ఉంది గానీ, నీ మంగళవారం ఎవరికిచ్చి వెళ్తున్నావే?”

యూనిట్‌లో నా మంచం ఖాళీ అవుతోందని పెట్టిన ప్రకటన చూసి వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు వాటా అన్నీ చెప్పాను. చివర్లో, మంగళవారం మధ్యాహ్నం గోదావరి జిల్లాలో పెళ్ళి పనులు కూడా ఉంటాయన్నాను.

“పెండ్లా? ఎవలిదక్కా?” అందా పిల్ల.

“వచ్చాక నువ్వే అడుగు, ఆయన చెప్తారు” అన్నాను.