అత్తారి ఊరి జాయింటు

కొవ్వూరు బంగార్రాజు భూమిలో వేసే కరెంటు కేబుళ్ళకు జాయింట్లు వేసే మనిషి. తెగిన కేబుల్ కొసలు రెండూ గోతిలో ఎదురెదురుగా పెట్టుకుని, పైతోలు దగ్గర్నుంచి లోపలి అల్యూమినియం దాకా పొరపొరా వొలిచి, తీగకు తీగ కలిపి, మళ్ళీ పొర మీద పొర కప్పి, పదకొండు వేల వోల్టుల కరెంటు దాని గుండా ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేలా చేయడం ఆయన విద్య. రాజమండ్రిలో ఆయన జాయింట్ల మీద రోడ్లు పడ్డాయి, రోడ్ల మీద బస్సులు తిరుగుతున్నాయి. ఒక్క జాయింటూ ఇంతవరకు పేలలేదు. ఆ మాట ఆయన చెప్పుకోడు. ఆయన భార్య వెంకటదుర్గ చెబుతుంది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా.

అయినా ఏం లాభం? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చంతా గెలిచి అత్తారింట ఓడిపోయాడు. నిడదవోలు దగ్గర గోగులపాడు వెంకటదుర్గ పుట్టిన ఊరు. ఆ ఊళ్ళో బంగార్రాజుని పేరు పెట్టి పిలిచిన పాపాన పోయినవాడు లేడు. అక్కడ ఆయన ‘రివర్సు అల్లుడు’. బడికెళ్ళే పిల్లలకు సైతం ఆ పేరే తెలుసు.

ఆ పేరు రావడానికి కారణం గోదావరి మర్యాద. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

రైలు పట్టాల పైనుంచి తీగలు లాగనివ్వరు కాబట్టి, గోగులపాడు వెళ్ళే కరెంటు లైను పట్టాలకు అవతల స్తంభం దిగి, కేబుల్‌గా మారి భూమిలో దూరి, ఇవతల ఊరివైపు స్తంభం ఎక్కి మళ్ళీ తీగలవుతుంది. బంగార్రాజుకి పెళ్ళయిన కొత్తలో ఆ కేబుల్ ఊరివైపున చెడిపోయింది. జాయింటు వేయడానికి ఆయన్నే పంపారు. కొత్తల్లుడు బురద గోతిలో కూర్చుని చెమటలు కక్కుతున్నాడన్న కబురు అత్తగారు సూరమ్మకి చేరింది. ఇంకేముంది, ఆవిడ కాలు నిలవలేదు.

ఈ పనిలో ఒక నియమం ఉంది. కేబుల్ విప్పినవాడు దాన్ని మూసేదాకా లేవకూడదు. బంగార్రాజుకి ఆ నియమం తెలియక కాదు. కాని సూరమ్మ గోతి గట్టు మీద నిలబడి, అల్లుడుగారు మట్టిలో ఉంటే మేం కంచాల ముందు ఎలా కూర్చుంటామని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఏ కొత్తల్లుడు కాదంటాడు? లేచాడు. పనసపొట్టు కూర, గారెలు, పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు. చాలంటే రెండు, వద్దంటే నాలుగు. వడ్డించేవాళ్ళకు జాలి లేదు, తినేవాడికి నోరు లేదు.

తిరిగొచ్చి గోతిలో కూర్చునేసరికి పొట్ట బరువు, రెప్పలు అంతకన్నా బరువు. కేబుల్ లోపల మూడు తీగలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు చార. ఎరుపుకి ఎరుపు సరిగానే కలిపాడు. ఆపైన పసుపుని తీసుకెళ్ళి నీలానికి కలిపాడు, నీలాన్ని పసుపుకి కలిపాడు. జాయింటు గట్టిగా పడింది. పరీక్షల్లో ఏ లోపమూ దొరకలేదు. కరెంటు వదిలారు.

ఆ మూడింటిలో రెండు తారుమారైతే బల్బుకి ఏమీ తెలియదు. మోటారుకి తెలుస్తుంది. అది వెనక్కి తిరుగుతుంది. గోగులపాడు రైసుమిల్లులో పైకి పోవాల్సిన వడ్లు కిందికి దిగాయి. పొలాల్లో బోర్లు నీళ్ళకి బదులు గురక పెట్టాయి. రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే ఏరేటర్ల చక్రాలు ఉల్టా తిరిగి గట్టుమీద జనాన్ని తడిపాయి. లైన్‌మన్ పెదబాబు స్తంభమెక్కి ఏదో సర్దితే కాసేపట్లోనే అన్నీ దారికొచ్చాయి. ఆయన చేసిన సర్దుబాటు మర్నాటికే ఊరు మరిచిపోయింది. పేరు మాత్రం బంగార్రాజుకి జిగురులా అంటుకుపోయింది.

అందరికన్నా ఎక్కువ ఏడిపించింది బావమరిది అచ్చిబాబు. బావగారు భోజనానికి కూర్చుంటే ముందు మజ్జిగ పోసేవాడు, తరవాత చారు, ఆఖర్న పప్పు వడ్డించి, ఆయనకి ఇదే వరసండి అని చుట్టాలకు చెప్పేవాడు. మొదట్లో బంగార్రాజూ నవ్వాడు. పోనుపోను నవ్వు రాలేదు. పనుందని సాకు చెప్పి ఆ ఊరు వెళ్ళడం మానేశాడు. పుట్టింటి పెళ్ళిళ్ళకు వెంకటదుర్గ ఒక్కతే వెళ్ళేది. పక్కన మొగుడు లేకుండా వెళ్ళడం ఒక బాధ, వెళ్ళాక పందిట్లో ఆయన్ని తలుచుకుని జనం నవ్వుతుంటే వినడం ఇంకో బాధ. వచ్చి ఏమీ చెప్పేది కాదు. ఆ రాత్రికి కూర ఉప్పగా ఉండేది, అంతే.

అలాంటిది మొన్న వేసవిలో ఓ పొద్దున్నే కరెంటాఫీసు ఇంజినీరు, ఏఈ పావని దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆవిడ ఈ మధ్యే బదిలీ మీద వచ్చింది, పాత కథలు తెలియవు. డ్రెయిను తవ్వుతున్న జేసీబీ గోగులపాడు కేబుల్‌ని పీకేసిందని, మిగతా జాయింటర్లెవరూ దగ్గర్లో లేరని, చీకటి పడేలోగా లైను నిలబెట్టాలని చెప్పింది. ఊరు పేరు వినగానే బంగార్రాజు సాకు వెతుక్కున్నాడు. ఇంటికెళ్ళి చెబుతానని పెట్టేశాడు. ఆయన అప్పుడున్నది ఇంట్లోనే.

అంతలో వెంకటదుర్గకీ కబురొచ్చింది. అచ్చిబాబు చెరువులో రొయ్య పట్టుబడికి వచ్చింది. అద్దె జనరేటరు పగలు ఈడ్చుకొస్తోంది. రాత్రికి ఏరేటర్లు పూర్తిగా తిరక్కపోతే ఊపిరాడక రొయ్యంతా తేలిపోతుంది. తమ్ముడు ఫోన్లో ఏడ్చినంత పని చేశాడట.

“ఆ ఊళ్ళో ఇంకోసారి తేడా వస్తే నేను మళ్ళీ మొహం చూపించలేను దుర్గా,” అన్నాడు బంగార్రాజు.

“ఇప్పుడు మాత్రం ఎక్కడ చూపిస్తన్నారండి? పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి. వెళ్ళండి,” అంది ఆవిడ, సామాన్ల సంచీ తెచ్చి బండి మీద పెడుతూ.

వెళ్ళాడు. గోతి దగ్గరకు వెళ్ళేసరికి ఆయన కంటబడిందేమిటి? మట్టికుప్ప మీద, తొండమంత లావున, జేసీబీ పళ్ళకు తెగిపడ్డ తన పాత జాయింటు. సరిగ్గా అక్కడే పీకింది పాపిష్టిది. ఆయన దాన్ని చూడనట్టే పక్కకు తిరిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు, మోచేతులతో పొడుచుకున్నారు. పోయిన మేర కొత్త కేబుల్ ముక్క వేసి అటొక జాయింటు, ఇటొక జాయింటు వేయాలి. పావని లైన్లో కరెంటు లేకుండా చేయించి, తాను చెప్పేదాకా ఎవరూ వదలరన్న కాగితం చేతిలో పెట్టుకుని, ఇక కానివ్వమంది.

బంగార్రాజు గోతిలో దిగి కూర్చున్నాడు. తీగల చారలు తుడిచి తుడిచి, ఒక్కోదానికి ఆ రంగు గుడ్డపేలిక కట్టి, మీటరు పెట్టి చూసి, చూసిందే మళ్ళీ చూసి అప్పుడు కలిపాడు. నల్లపొర వొలిచేటప్పుడు కత్తిమొన లోపలి తెల్లపొరకు తగలనివ్వలేదు. అక్కడ చిన్న గీత పడినా ఎప్పటికైనా పేలేది అక్కడే. చెమట బొట్టు పడకుండా నుదుటికి తువ్వాలు చుట్టుకున్నాడు. మధ్యాహ్నం అవుతుండగా గట్టుమీద గాజుల చప్పుడైంది. సూరమ్మ, ఆవిడ చేతిలో పెద్ద క్యారేజీ. వయసు మీదపడినా మర్యాద తగ్గలేదు.

“లేవనండి అత్తయ్యగారూ. ఇవాళ ఆ దేవుడే పిలిచినా లేవను,” అన్నాడు ఆయన చేతులు జోడించి.

సూరమ్మ నొచ్చుకోలేదు. క్యారేజీ పక్కన పెట్టి, కొంగుతో ఆయన తలమీద ఎండ తగలకుండా కాసేపు పట్టుకుంది. ఆనాడు తాను లేపిన సంగతి ఆవిడ మరిచిపోలేదని బంగార్రాజుకి అప్పుడు అర్థమైంది.

పొద్దువాలే వేళకు రెండు జాయింట్లూ అయ్యాయి. పరీక్షలూ అయ్యాయి. అచ్చిబాబు చెరువుగట్టుకీ గోతికీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పావని సబ్‌స్టేషన్‌కి చెప్పడానికి ఫోను తీసింది. బంగార్రాజు చేతులు కడుక్కుంటూ, అన్ని రంగులూ సరిగా కలిపానన్న తృప్తితో, పొద్దుట్నుంచీ చూడకుండా తప్పించుకున్న పాత జాయింటు వైపు మొదటిసారి నిదానంగా చూశాడు. చూసి, చెంబు కింద పెట్టేశాడు.

తాను చేసిన తప్పు ఆ ముద్దలో ఉంది. అయినా ఇన్నేళ్ళూ ఊళ్ళో మోటార్లు సవ్యంగానే తిరిగాయి. అంటే దిద్దుబాటు ఇంకెక్కడో ఉంది. తలెత్తి స్తంభం వైపు చూశాడు. కేబుల్ కొసల్ని పై తీగలకు కలిపే జంపర్లు మూడు. వాటిలో రెండు ఒకదాన్నొకటి దాటుకుని అడ్డంగా వెళ్ళాయి. ఆనాడు పెదబాబు చేసిన సర్దుబాటు అదే. తప్పు ఇవాళ భూమిలోంచి పోయింది, దిద్దుబాటు మాత్రం స్తంభం మీదే ఉండిపోయింది. ఇప్పుడు కరెంటు వదిలితే, ఇంత సరిగా వేసినందుకే, అన్నీ వెనక్కి తిరుగుతాయి.

“ఆగండి మేడం. వదలొద్దండి,” అన్నాడు.

గట్టుమీద గుసగుసలు లేచాయి. మళ్ళీ మొదలెట్టాడురా రివర్సు అల్లుడు అని ఎవరో అన్నది ఆయన చెవిన పడనే పడింది. అచ్చిబాబు పరిగెత్తుకొచ్చి, మీకు దణ్ణం పెడతాను, పొద్దు కుంగిపోతోంది, కరెంటు ఇప్పించండి బావగారూ అని బతిమాలాడు.  బంగార్రాజు రంపం తీసుకుని పాత జాయింటుని నిలువునా కోసి, రెండు చెక్కలూ పావని ముందు పెట్టాడు. పసుపు చార నీలంతో, నీలం చార పసుపుతో కలిసి ఉన్నాయి. ఇది నా తప్పేనండి, నా చేత్తో నేను వేసింది, అని ఊరందరి ముందూ చెప్పి, స్తంభం మీది అడ్డదిడ్డం జంపర్లు చూపించాడు.

పావని కాసేపు చెక్కల్నీ స్తంభాన్నీ మార్చి మార్చి చూసింది. విషయం ఆవిడకు వెంటనే బోధపడింది. అయితే చీకటి పడుతోంది కదా, ఒకసారి వదిలి చూద్దాం, వెనక్కి తిరిగితే అప్పుడే మార్చుకోవచ్చు అంది. ఎవరైనా అనే మాటే అది.

“మార్చుకోవచ్చండి. కానీ ఈ ఊళ్ళో మోటార్లు ఒక్క చుట్టు వెనక్కి తిరిగినా, ఇంక నేను చచ్చేదాకా నా పేరుని ముందుకి తిప్పలేనండి,” అన్నాడు బంగార్రాజు.  

పావని ఆయన మొహంలోకి చూసింది. ఫోను సంచిలో పడేసి, లైను ఇంకా నా చేతిలోనే ఉంది, ఎక్కండి అంది.

బెల్టు బిగించుకుని స్తంభమెక్కాడు. కింద ఊరు ఊరంతా తలలెత్తి చూస్తోంది. రెండు జంపర్లూ విప్పి, దేని దారిన దాన్ని తిన్నగా పెట్టి బిగించాడు. పైనుంచి చూస్తే చెరువులు, వాటి మీద కదలకుండా నిలబడ్డ చక్రాలు కనిపించాయి. తన లెక్క తప్పితే ఇవాళ ఈ చేత్తో తానే తన కొంప ముంచుకుంటున్నట్టు. కాని తప్పదని ఆయనకి తెలుసు. దిగాడు. పావని చెప్పింది. సబ్‌స్టేషన్లో కరెంటు వదిలారు.

ముందు రైలుగేటు దగ్గర దీపం వెలిగింది. దీపానిదేముంది. అందరూ చెరువు వైపు పరిగెత్తారు. అచ్చిబాబు స్టార్టరు నొక్కాడు. చక్రం ఒకసారి మూలిగింది, కదిలింది, నీటిని పట్టుకుంది. ముందుకి. గట్టుకి దూరంగా, చెరువు నడిబొడ్డుకి తెల్లటి నురగ తోసుకుంటూ, ముందుకే. రెండో చక్రం, మూడోది, పక్క చెరువులోవి. గట్టుమీద నిలబడ్డవాళ్ళ మీద ఒక్క చుక్క పడలేదు. రైసుమిల్లు వైపు నుంచి ఎవరో తువ్వాలు ఊపుతూ, ఎక్కుతున్నాయి, వడ్లు పైకెక్కుతున్నాయి అని కేకేశారు. జనం ఒక్కసారిగా గోలగోలగా నవ్వారు. ఈసారి ఆ నవ్వు బంగార్రాజుకి గుచ్చుకోలేదు. ఆయన గట్టుమీద చతికిలబడి, బురద చేతులు ఒళ్ళో పెట్టుకుని, చక్రాల్ని చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులనిండా బురద.

అచ్చిబాబు ఫోను మోగింది. వెంకటదుర్గ. ఏరేటర్ల హోరులో వినపడక స్పీకరు పెట్టాడు.

“కరెంటొచ్చిందక్కా. అన్నీ బాగా తిరుగుతున్నాయి. రొయ్య బతికిందే,” అన్నాడు.

“జాయింటు ఎవరేశార్రా?” అడిగింది ఆవిడ.

“అదేంటే, నీకు తెలీదా?”

“నాకు తెలుసు. నీ నోటంట చెప్పు.”

అచ్చిబాబు ఫోను వైపు చూశాడు, చుట్టూ మూగిన ఊరివాళ్ళ వైపు చూశాడు, కింద కూర్చున్న బావగారి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“బంగార్రాజు బావగారేశారు.”

“ఇక్కడ సరిగ్గా వినపళ్ళేదురా,” అంది వెంకటదుర్గ. “ఊరందరికీ వినపడేలా చెప్పు.”

అచ్చిబాబు రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిపట్టి, ఆ పేరుని చెరువుల అవతల రైలుగేటు దాకా వినపడేలా అరిచాడు.